పెత్రమాసకు అందని అంచు

రాజంతో మాట్లాడాలంటే ఎవరైనా ఆయన కుడిచెవి పక్కకు వచ్చి నిలబడాల్సిందే. ఎడమచెవిని ఎప్పుడో సాంచెలకు ఇచ్చేసిండు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటరు. మీసాలు రాకముందే కార్ఖానలో కాలుపెట్టి, మీసాలు నెరిసేదాక ఆ చప్పుడు నడుమనే తిరిగినోడికి ఒక్క చెవి మిగలడమే ఎక్కువ. ఆ ఇంట్లో అందరూ గట్టిగనే మాట్లాడుకునేటోళ్ళు. రమ కోడలుగా వచ్చిన కొత్తలో, "మంచినీళ్ళియ్యి బిడ్డా" అని మామ అడిగితే తిడుతున్నడనుకొని వంటింట్లో కూర్చొని ఏడ్చింది. కొడుకు సుధాకర్ పడిపడి నవ్విండు.

"మా బాపు గుసగుస పెడితే బస్టాండు దాక ఇనబడ్తది. కోపమొస్తే మాత్రం సప్పుడే ఉండది. సప్పుడు లేనప్పుడు బుగులువడు, గిప్పుడు గాదు" అన్నడు.

సగం చెవుడున్నా సాంచె ఆగితే మాత్రం రాజానికే ముందు తెలిసేది. ఒక వరుసలో ఎనిమిది సాంచెలు ఆయన చేతికింద నడిచేటివి. పోగు తెగితే సాంచె ఆగుతది. ఏది ఆగిందో ఆయన కండ్లతో వెతికేటోడు కాదు. ఆ చప్పుడులో ఎక్కడో చిన్న సందు పడ్డట్టు ఒంటికి తెలిసేది, కాళ్ళు అటే పోయేటివి. కుడిచెయ్యి తెగిన పోగును దొరకబట్టి ముడి వేసేది, ఎడమచెయ్యి పిడిని నెట్టేది, సాంచె మళ్ళ నడిచేది. అంతా అయినంక గాని తను ఆ పని చేసినట్టు ఆయనకు ఎరుక ఉండేది కాదు. ఆగిన సాంచె ముందు నిలబడి ఆలోచించేటోడు నేతగాడే కాదని ఆయన నమ్మకం. ఒకరిని అడిగి నడిపించే పని కాదది.

సుధాకర్ సాంచెల మీదికి రాలేదు. రానియ్యలేదు రాజం. వాడు కంప్యూటర్ మీద చీరల అంచులు గీసే పని నేర్చుకున్నడు. తండ్రి పనిచేసే కార్ఖానలోనే పూల అంచులు నేసే జకార్డు సాంచెలు రెండుంటే వాటికి డిజైన్లు గీసిచ్చేటోడు. వాని సొంత లాప్‌టాప్‌లో డిస్కు ఖరాబైంది. సేటు గదిలో కంప్యూటరుంది గాని అందులో కార్ఖాన బిల్లులన్నీ ఉన్నయి. "నీ సామాన్లు నా దాంట్ల జొరగొట్టకురా, నా బిల్లులు ఆగమైతయ్" అని సేటు ముందే చెప్పిండు. సుధాకర్ దానికొక ఉపాయం చేసిండు. అగ్గిపెట్టె కంటె కొంచెం వెడల్పు, దానికంటె పలచగ ఉండే ఎస్‌ఎస్‌డీ అనే డిస్కొకటి కొనుక్కొచ్చి, కంప్యూటర్ నడవడానికి కావలసిందంతా, లైనక్స్ దగ్గరి నుంచి డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ దాక, దాని మీదనే ఎక్కించుకున్నడు. అంగీ జేబులో వేసుకొని తిరిగేటోడు. సేటు కంప్యూటర్ బంద్ ఉన్నప్పుడు చిన్న తీగతో దాన్ని తగిలించి, అప్పుడు ఆన్ చేసి, ఏదో ఒక మీట నొక్కిపట్టేటోడు. తెర మీద సేటు బిల్లులు రాకుండ వీని లోకమే వచ్చేది. తెర వెనకాల ఫోటోలో రమ పసుపురంగు చీరలో మానేరు కట్ట మీద నవ్వుతుండేది.

"గిదేం కిటుకురా?" అని రాజం అడిగిండు మొదటిసారి చూసినప్పుడు.

"సాంచె సేటుది బాపూ. భీం నాది."

రాజానికి వెంటనే సమజైంది. పడుగు చుట్టిన భీం ఏ సాంచెకు ఎక్కిస్తే ఆ సాంచె మీద ఆ బట్టే వస్తది. సాంచె ఎవనిదైతేంది!

"మరి నీ భీం దించినంక సేటు దాంట్ల ఏమన్న మిగుల్తదా?"

"ఒక్క పోగు గుడ మిగలది. నేను కూసున్నట్టు గుడ తెల్వది" అని సుధాకర్ గొప్పగ చెప్పుకున్నడు. అట్లా ఏ ఆనవాలూ మిగల్చకుండ పని చేసుకొని లేచిపోవడం వానికి పెద్ద షోకు. తీగ కొంచెం కదిలినా మొత్తం బిగుసుకపోతది కాబట్టి ఎవరన్న బల్లకు తగిలితే మాత్రం, "అరే, పైలం! తగలకుండ్రి" అని మొత్తుకునేటోడు. బిల్లులు రాసే గుమస్తా ఓంప్రకాశ్, "నీ భార్యను గుడ గింత పైలంగ చూసుకోవు గదరా" అని ఎక్కిరించేటోడు.

రాజం తండ్రి బుచ్చిరాములు గుంటమగ్గం మీద కండువాలు నేసేటోడు. వాటి అంచుకు జొన్నకంకులు వరుసగ వంగినట్టుండేటివి. ఆ అంచు ఆ ఒక్క ఇంటిదే. గుంటమగ్గం పోయింది, బుచ్చిరాములు పోయిండు, నేసిన కండువాలు కప్పుకున్నోళ్ళతోనే కాలిపోయినయి. ఒక పేలిక కూడ మిగలలేదు. మిగిలింది రాజం వేళ్ళలోనే. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చొని ఏ పోగు తర్వాత ఏ పోగు లేపాలో వేళ్ళతోనే నేర్చుకున్నడు. నోటితో చెప్పుమంటే రాదు. కండ్లు మూసుకొని గాలిలో వేళ్ళాడిస్తే వస్తది.

సుధాకర్ దాన్ని పట్టుకోవాలనుకున్నడు. ఆదివారాలు సేటు గదిలో తండ్రిని పక్కన కూర్చోబెట్టుకొని, తెర మీద గళ్ళు పరిచి, ఆ వేళ్ళు చూసుకుంట గళ్ళు నింపేటోడు.

"రెండు ఇడిసి ఒకటి లేపినవా, ఒకటి ఇడిసి రెండు లేపినవా? జర మెల్లగ బాపూ!"

"మెల్లగైతే రాదురా. ఏళ్ళు మర్సిపోతయ్."

"అయితే ఏళ్ళను కూసోబెట్టి నువ్వు ఇంటికివో!"

అన్నీ వచ్చినయి గాని, కంకి కిందికి వంగే మలుపు దగ్గర ఎప్పుడూ ఆగిపోయేది. ఆ నాలుగు పోగుల దగ్గర రాజం వేళ్ళు ఒకసారి ఒకతీరు, ఇంకోసారి ఇంకోతీరు పోయేటివి. రెండూ నిజమే అనిపించేటివి. ఒకతీరు గీస్తే కంకి విరిగినట్టుండేది, ఇంకోతీరు గీస్తే గడ్డిపరక లెక్క తేలిపోయేది. వానకాలం మొదలైన ఒక ఆదివారం సుధాకర్ రెండింటినీ కలిపి, ఒక పోగు అటు జరిపి, ఇంకొకటి వెనక్కి తీసి, ఏదో చేసిండు. కంకి వంగింది. గింజ బరువుకు వంగినట్టే వంగింది. రాజం తెర మీద చెయ్యిపెట్టి, అద్దాన్ని వేలితో తడిమిండు.

"గిదే" అన్నడు. "మా నాయిన చెయ్యి ఇదే."

"ఇగ నువ్వు యాది పెట్టుకోకు బాపూ. నేను పెట్టుకున్న. నువ్వు మర్సినా ఫికర్ లేదు" అన్నడు సుధాకర్.

ఆ మాట రాజం మనసుకు ఎంత హాయినిచ్చిందో చెప్పలేం. చిన్నప్పటి నుంచి మోస్తున్నదేదో దించినట్టు, ఆ రోజు ఇంటికి పోయి పొద్దంతా పండుకున్నడు.

అంచును నేసి చూద్దామంటే సాంచెలు ఖాళీ లేవు. ఆర్డర్ చీరలు నడుస్తున్నయి. "దసరా వెళ్ళనియ్యి, నీకే మొదలు కండువా నేపిస్త" అన్నడు సుధాకర్. దసరా దాక వాడు లేడు. జ్వరం వచ్చింది, డెంగీ అన్నరు, కరీంనగర్ తీసుకపోయిండ్రు. పోయేటప్పుడు ఆటోలో కూర్చున్నోడు తిరిగి వచ్చేటప్పుడు పండుకొని వచ్చిండు. వాని సెల్‌ఫోన్ ఆ దవాఖాన హడావిడిలోనే ఎక్కడో పోయింది. కొయ్యకు వేలాడుతున్న అంగీ జేబులో ఆ ఎస్‌ఎస్‌డీ ఉన్నది. రమ దాన్ని తీసి తన పెండ్లిచీర మడతల్లో పెట్టింది.

ఏడాది వెళ్ళింది. సుధాకర్ పెద్దల్లో కలిసిండని కులపోళ్ళు చెప్పిండ్రు. అంటే ఈసారి పెత్రమాసకు, పెద్దలకు బియ్యమిచ్చే ఆ అమాస నాడు, వాని పేరు మీద కూడ అయ్యగారికి బియ్యం, కూరగాయలు, బట్ట ఇవ్వాలె. ఆ ఇంట్లో ఒక పట్టింపు ఉన్నది. పోయినోళ్ళ పేరు మీద ఇచ్చే బట్ట దుకాణంలో కొనరు. నేస్తరు. బుచ్చిరాములుకు రాజం నేసిండు. భార్య పోశవ్వ పోయినప్పుడు, సేటును బతిమాలి ఒక సాంచె అడుక్కొని ఆమెకూ నేసిండు. కొన్న బట్ట పెడితే, బతికినంతకాలం నేసినోళ్ళకు ఆఖరికి పరాయి బట్టే దిక్కయిందన్నట్టుంటదని ఆయన బాధ.

"పిలగానికి కండువా నేస్త బిడ్డా" అని రమతో చెప్పిండు. "వాడు గీసిన అంచుతోనే నేస్త. సేటు జకార్డు సాంచె ఒక పూట ఇస్తనన్నడు."

రమ చుడుతున్న బీడీల చాట పక్కకు పెట్టి లోపలికి పోయి, పెండ్లిచీర మడతల్లో నుంచి దాన్ని తీసుకొచ్చింది. వెంటనే ఇయ్యలేదు. కొంగుతో తుడిచింది.

"పైలం మామా. ఆయినె దీన్ని ఎన్నడు కింద పెట్టనియ్యలే."

"నాకెరుకలేదా!"

"తెరిసినంక నన్ను పిలువుండ్రి. ఆయినె ఉన్నప్పుడు ఎట్ల కనబడేదో గట్ల ఒక్కసారి చూసి వచ్చేస్త."

"పిలుస్త" అన్నడు రాజం.

పొద్దున కార్ఖానకు పోయేసరికి ఓంప్రకాశ్ బిల్లులు కొడుతున్నడు. రాజం జేబులో నుంచి ఎస్‌ఎస్‌డీ తీసి చూపిస్తే, "ఏం మామా, కంప్యూటర్ నేర్సుకుంటవా? నా నౌకరికే ఎసరు పెడ్తున్నవ్ గదా" అని నవ్విండు గాని, అది ఎవనిదో గుర్తుకొచ్చి నవ్వు ఆపిండు. కుర్చీ జరిపి రాజాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నడు. బిల్లు పక్కకు పెట్టి, నడుస్తున్న ఆ కంప్యూటర్‌కే తీగ తగిలించిండు.

తెర నడుమ చిన్న డబ్బా లేచింది. ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. కింద రెండు గుండీలు.

"ఏందో అడుగుతున్నదిది" అని ఓంప్రకాశ్ ముందుకు వంగిండు. అంతలో బయట లారీ హారన్ మోగింది. సేటు లోపలికి తలపెట్టి, "ఓంప్రకాశ్, నూలొచ్చింది, దింపిచ్చుకో!" అని కేకేసిండు. "జర కూసో మామా, గిప్పుడే వస్త" అని వాడు పోయిండు.

రాజం కూర్చున్నడు. అద్దాల అవతల సాంచెలు దడదడలాడుతున్నయి. ఇవతల ఈ తెర ఆగి ఉన్నది. డబ్బా కదలదు, మెదలదు. కొడుకు అవతల ఉన్నడు, రమ పసుపుచీరలో ఉన్నది, నాయిన కంకులు ఉన్నయి, అన్నీ ఆ ఆగిన డబ్బా వెనకాలనే ఉన్నయి. ఎక్కడో పోగు తెగి ఆగింది, అంతే. రెండు గుండీల్లో ఎడమదాని చుట్టూ నీలం గీత వెలుగుతున్నది. ఆయన నడిపిన సాంచెలన్నిటికీ పిడి ఎడమవైపే.

కొడుకు మౌస్ మీద చెయ్యిపెట్టి బాణాన్ని ఎట్ల జరిపేటోడో చూసిండు కద. జరిపిండు. నొక్కిండు.

ఆ డబ్బా పోయి ఇంకొంచెం పెద్ద డబ్బా వచ్చింది. దాని కిందా రెండు గుండీలు. ఎడమదాన్ని నొక్కిండు. టంగుమని చప్పుడు చేసి, పసుపు గుర్తుతో మూడోది లేచింది. మళ్ళీ ఎడమదే. అప్పుడు కదిలింది. ఆకుపచ్చ గీత ఒకటి ఈ కొస నుంచి ఆ కొసకు మగ్గంలో నాడె ఉరికినట్టు ఉరికింది. రాజం కండ్లు మెరిసినయి. నడిచింది! లేచి రమకు కబురు పంపుదామని తలుపు దాక పోయిండు కూడ.

ఓంప్రకాశ్ చెమట తుడుచుకుంట వచ్చిండు. తెర దిక్కు చూసిండు. తెల్లటి కిటికీ, లోపల ఏమీ లేదు.

"మామా... ఏం ఒత్తినవ్?"

"ఆగింది. నడిపిచ్చిన."

ఓంప్రకాశ్ కుర్చీలో కూలబడ్డడు. మౌస్‌ను అటు జరిపిండు, ఇటు జరిపిండు. రాజం వాని మొఖం చూస్తున్నడు. వాడు ఏం మాట్లాడకపోతే, కుడిచెవిని వాని నోటి దగ్గరికి తీసుకపోయి, "గట్టిగ చెప్పు తమ్మీ, ఇనబడలే" అన్నడు. వాడు ఆ ఖాళీ కిటికీ దిక్కు వేలు చూపించిండు.

మరునాడు, ఇంకా తెరుసుకోలేదని మాత్రం రమకు చెప్పి, ఇద్దరూ కరీంనగర్ పోయిండ్రు. చెడిపోయిన డిస్కుల్లో నుంచి ఫోటోలు, కాగితాలు తీసిచ్చే దుకాణం ఒకటి ఓంప్రకాశ్‌కు తెలుసు. అందులో పనిచేసే పిల్ల పేరు కావ్య. ఆమె తన మిషన్లకు తగిలించి పొద్దుమూకేదాక కూర్చున్నది. రాజం బెంచీ మీద నుంచి లేవలేదు. చాయ్ తెచ్చిస్తే పక్కకు పెట్టిండు.

"తాతా, మీ కొడుకు దీన్ని ఎట్ల నడిపేటోడు? యాది ఉందా?" అని కావ్య అడిగింది.

"ముంగట గిది పెట్టేటోడు. అటెన్క కంప్యూటర్ చాల్ చేసేటోడు."

"గదే తాతా. ఇది సామాన్లు పెట్టుకునే డబ్బ గాదు, కంప్యూటర్‌ను లేపేదే ఇది. బంద్ ఉన్నదానికి పెట్టి, దీన్నుంచే లేపాలె. లేసి నడుస్తున్నదానికి పెడితే, దానికి ఇది సమజ్ కాదు. 'నాకు తెల్వనిది ఏందో వచ్చింది, తుడిసేసి కొత్తగ చెయ్యాల్నా?' అని అడిగింది. మీరు చెయ్యుమన్నరు."

రాజం ఆమె పెదవుల దిక్కే చూసిండు. తర్వాత తనలో తనే అన్నట్టు, అయితే దుకాణమంతా వినబడేటట్టు అన్నడు:

"నడిసే సాంచెకు భీం ఎక్కిస్తరా ఎవలన్న? చిన్న పోరనికి గుడ తెలుస్తది గది. నాకు తెల్వకపాయె?"

కావ్యకు ఆ మాట సమజు కాలేదు. సమజైన ఓంప్రకాశ్ తల వంచుకున్నడు.

"పాత రకం డిస్కయితే కొంచెమన్న గీక్కొచ్చేదాన్ని తాతా. గిదట్ల కాదు. ఒక్కసారి ఖాళీ అని చెప్పినంక లోపల్లోపలనే తుడ్సుకుంటది. ఏమన్న ఉంటదేమోనని అన్ని తీర్ల చూసిన" అని, దాన్ని ఒక కవరులో పెట్టి రెండు చేతులతో ఇచ్చింది.

బస్సులో ఓంప్రకాశ్, "తప్పు నాది మామా. బంద్ చేసి పెట్టేది ఉండె. పిలగాడు నా ముంగటనే కదా పెట్టేటోడు, నేను ఎన్నడన్న సక్కగ చూస్తేగా" అన్నడు. అన్నది ఎడమచెవి పక్కన. రాజానికి వినబడలేదు.

రమ వాకిట్లోనే ఉన్నది. తల దువ్వుకొని, చీర మార్చుకొని ఉన్నది. పిలుస్తరని నిన్నటి నుంచి అట్లనే ఉన్నదేమో.

"తెరుసుకున్నదా మామా?"

రాజం మొట్టమొదటిసారి మెల్లగ మాట్లాడిండు. "పోయింది బిడ్డా. నేనే తుడిసిన. తెల్వక తుడిసిన."

ఆమె ఆ కవరు తీసుకున్నది. తిప్పి చూసింది. పైన ఎక్కడా ఒక గీత కూడ పడలేదు, సుధాకర్ జేబులో ఉన్నప్పటిలాగనే ఉన్నది.

"నన్ను పిలువుమన్న గద మామా" అన్నది.

లోపలికి పోయి బీడీల చాట ముందు వేసుకున్నది. ఆకు కత్తిరించే కత్తెర చప్పుడు మొదలైంది. ఆ తర్వాత అన్నం పెట్టింది, నీళ్ళిచ్చింది, అన్నీ చేసింది. మాట్లాడడమే మానేసింది. చప్పుడు లేని ఇల్లు ఎట్లుంటదో రాజానికి అప్పుడు తెలిసింది.

రాజం మళ్ళా మొదటి నుంచి కూర్చున్నడు. కండ్లు మూసుకొని వేళ్ళాడించిండు. అరుగు మీద బొగ్గుతో గళ్ళు గీసి, ఒక్కొక్క గడి నింపుకుంట పోయిండు. కంకి కాడ వచ్చింది. గింజల వరుస వచ్చింది. మలుపు దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు అట్లనే నిలబడిపోయినయి. మునుపు రెండుతీర్ల పోయేటివి, ఇప్పుడు ఏ తీరుగానూ పోలేదు. కొడుకు ఒక పోగు అటు జరిపిండు, ఒకటి వెనక్కి తీసిండు. ఏది జరిపిండు? ఏది తీసిండు? ఇగ యాది పెట్టుకోకు అన్నడు కద. కొడుకు మాట విని మరిచిపోయిండు. అన్నేండ్లు వేళ్ళలో దాచుకున్నదాన్ని, కన్నకొడుకే కద అని, ఒక్క ఆదివారంలో వదిలేసిండు.

అరుగు తుడిచిండు, మళ్ళా గీసిండు. తుడిచిండు, గీసిండు. ఓంప్రకాశ్ వచ్చి, "సేటు సాంచె రేపు ఖాళీ ఉన్నదన్నడు మామా. ఉత్త తెల్లగనన్న నెయ్యరాదు? పిలగాడు ఏమనుకోడు" అన్నడు.

"తెల్లగ నేసి వానికేమని చెప్పాలె? నీది తుడిసేసిన, గిదే మిగిలిందని చెప్పాల్నా?"

ఓంప్రకాశ్ చెప్పులేసుకొని వెళ్ళిపోయిండు. మరునాడు జకార్డు సాంచె ఆ పూటంతా ఖాళీగనే ఉండి, సాయంత్రం మళ్ళీ ఆర్డర్ చీరల్లో పడ్డది.

పెత్రమాస పొద్దున అయ్యగారు తొందరలో వచ్చిండు. ఆ వాడలో ఇంకా చాలా ఇండ్లు తిరగాలె. రమ ఇస్తరాకుల్లో బియ్యం, కూరగాయలు, బెల్లం సర్ది పెట్టింది. రాజం స్నానం చేసి వచ్చి పీట మీద కూర్చున్నడు. అయ్యగారు బుచ్చిరాములు పేరు చెప్పించిండు, పోశవ్వ పేరు చెప్పించిండు. తర్వాత, "కొత్తగ కలిసినాయన పేరు?" అన్నడు.

"సుధాకర్."

"బట్టేది?"

రాజం ఒట్టి చేతులు దోసిలి పట్టి ఉన్నడు. రమ గోడ దిక్కు తిరిగింది.

"లేదు" అన్నడు రాజం.

"సరే, బియ్యంతోనన్న అయితది. నీళ్ళు ఇడువు" అని అయ్యగారు చెంబు వంచిండు. మంత్రం చదివిండు. బియ్యం మూట కట్టుకున్నడు. పక్కింటోళ్ళు పిలుస్తుంటే, "వస్తున్న వస్తున్న" అనుకుంట దాటిపోయిండు.

రాజం దోసిలి దించలేదు. అయ్యగారు అయితదన్నడు, అయిపోయింది. వచ్చే ఏటికన్న నేస్త, ఆగురా అని కొడుకుకు చెప్పే సందు కూడ లేకుండ, బట్ట లేకుండనే అయిపోయింది. పీట చుట్టూ రాలిన బియ్యం, బెల్లం తునకలు. వాడ నిండా సాంచెల చప్పుడు ఎప్పటిలాగనే ఉన్నది. ఆయన చేతుల్లో నుంచి నీళ్ళు కారి మోచేతుల దాక ఆరిపోయినయి.

చాలాసేపటికి రమ చీపురు పట్టుకొని వచ్చి నిలబడ్డది. కుడిచెవి పక్కకు పోలేదు, గట్టిగ కూడ అనలేదు. ఆయన దిక్కు చూడకుండనే, "ఇగ లేవుండ్రి మామా. చీమలొస్తున్నయి" అన్నది.